మూడోసారి అడిగేదాకా

మా మరదలు స్వప్న విజిట్ వీసా మీద వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉంది. సీరియళ్లు చూసి చూసి కొరియన్ నేర్చుకోవడం మొదలుపెట్టిందట. అక్షరాలు వచ్చాయి, నమస్కారం వచ్చింది, ఆ తర్వాత ఉత్సాహం రావడం మానేసింది. ఒక సాయంత్రం టీ తాగుతూ, "బావగారూ, మీరు ఎవరూ చెప్పకుండానే పర్షియన్ నేర్చుకున్నారంట కదా, మోటివేషన్ ఎలా మెయింటైన్ చేశారండీ?" అని అడిగింది. "భయంతో" అన్నాను. జోకనుకుని నవ్వింది. వంటింట్లోంచి మా ఆవిడ విజయ, "జోకు కాదే, నిజమే" అంది. తర్వాత వాళ్లిద్దరూ బజారుకి వెళ్లిపోయారు కాబట్టి మిగతాది చెప్పడం కుదరలేదు. ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉంది, ఏసీ కూడా అంత చప్పుడు చెయ్యడం లేదు, రాయొచ్చు.

మా కాపురం తొలినాళ్లలో మేము పర్షియాలో ఉండేవాళ్లం. కంగారు పడనక్కర్లేదు. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అని ఒకటుంది, అక్కడ భవనాల గుంపులకి దేశాల పేర్లు పెట్టారు. చైనా, ఇంగ్లండ్, ఫ్రాన్స్, రష్యా అన్నీ చెప్పులేసుకుని నడిచి వెళ్లొచ్చే దూరంలో ఉంటాయి. ఏ దేశంలోనైనా అద్దె ఇంచుమించు ఒకటే, బొద్దింకలూ ఒకటే. గాలి మురుగునీటి ప్లాంటు ఉన్న అవీర్ వైపు నుంచి వీచినప్పుడు మురుగు కంపు కూడా ఏ దేశం పట్లా పక్షపాతం చూపించేది కాదు. పర్షియా గుంపులో మా భవనంలో మలయాళీలు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మేము ఉండేవాళ్లం. ఇరానీ మాత్రం ఒక్కడూ కనిపించలేదు. ఒక పడగ్గది, ఒక హాలు ఉన్న ఫ్లాటు అది. పడగ్గది మాది. హాల్లో తెర కట్టుకుని మస్తాన్ ఉండేవాడు. నెల్లూరు మనిషి, క్రీక్ ఒడ్డున ఒక కార్గో ఆఫీసులో పని. అతని భార్య పురిటికని ఊరెళ్లింది, ఆ వెనకే విమానాలు ఆగిపోయాయి. కూతురు పుట్టింది. మస్తాన్ ఆ పిల్లని ఫోన్లోనే ఎత్తుకునేవాడు.

ఇంటి పద్ధతులు విజయ పెట్టింది. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి దాంతోనే నేల తుడవాలి. అల్లం టీ పొద్దున ఒకసారి, సాయంత్రం అసర్ నమాజు అజాన్ వినపడగానే ఒకసారి. శుక్రవారం మస్తాన్ వంట, అంటే చేపల పులుసు, అంటే శనివారం దాకా ఇంటి నిండా చింతపండు వాసన. విజయ పెళ్లయిన చాలాకాలానికి గాని ఇక్కడికి రాలేకపోయింది. నా జీతం భార్యని తెచ్చుకునేంత జీతమని సర్కారు వారు ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది. వచ్చాక ఒక నర్సరీ బడిలో సహాయ టీచరుగా కుదిరింది. ఆమె పొద్దున్నే పిల్లల పాటలు ఒంటరిగా, చేతులు తిప్పుతూ సాధన చేసేది. తెర అవతల నుంచి మస్తాన్, "వదినా, ఆ కుందేలు పాట ఇంగొక్కసారి, మా పాపకి వినిపిస్తా" అని ఫోన్ పైకెత్తేవాడు.

అప్పుడే లోకమంతా తలుపులు వేసుకుంది. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, మాల్స్‌లో ఫాల్స్ సీలింగులు వేసే ఒక కంపెనీలో ఎస్టిమేట్లు వేసేవాణ్ణి. మాల్స్ మూసేశాక వాటి కప్పుల గురించి ఎవరికీ పెద్ద బెంగ లేకపోయింది. మా ముదీర్, అంటే మేనేజరు, మమ్మల్ని జీతం లేని సెలవు మీద పంపించాడు. ఆయన దాన్ని "బ్రేక్" అన్నాడు, బాగా అలసిపోయినవాళ్లకి ఇచ్చినట్టు. నాకు చేతినిండా ఖాళీ దొరికింది. ఆ రోజుల్లో కొందరు రొట్టెలు కాల్చారు, కొందరు కసరత్తులు చేశారు. నేను అరబిక్ నేర్చుకుందామనుకున్నాను. గల్ఫ్‌లో ఉన్న ప్రతివాడూ వచ్చిన మొదటి వారం నుంచీ అనుకునే సంగతే అది. ఫోన్లో ఒక యాప్ దింపితే, అరబిక్ పాఠాలకి డబ్బు కట్టమంది, పారసీకం ఉచితమంది. నేను పారసీకం నేర్చుకోవడానికి కారణం ఇదీ. ఆ తర్వాత ఎవరైనా అడిగినప్పుడు ఆ భాష మాధుర్యం గురించి కొంత చెప్పిన మాట కూడా నిజమే.

అక్షరాలు మస్తాన్ నేర్పాడు. చిన్నప్పుడు మసీదులో ఉర్దూ చదువుకున్నాడు.

"ఉర్దూ వచ్చినోడికి ఇది మంచినీళ్ల మాదిరి అన్నా" అన్నాడు.

"నాకు ఉర్దూ రాదు కదా మస్తాన్."

"అదే గదా నీకొచ్చిన కష్టం."

జ శబ్దానికి నాలుగు అక్షరాలున్నాయని, నాలుగూ ఒకేలా పలుకుతారని తెలిసినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. కాని శ, ష, స మూడింటినీ ఒకే గాటన కట్టే జిల్లాలో పుట్టినవాణ్ణి, పైకి ఏమీ అనలేకపోయాను. అక్షరాల గండం గడిచాక మాత్రం హాయిగా అనిపించింది. క్రియ మనలాగే వాక్యం చివరికి వస్తుంది. ఆడా మగా భేదం అసలే లేదు. బడిలో ఉన్నంత కాలమూ హిందీలో కుర్చీ ఆడదో మగదో తెలియక బెత్తం దెబ్బలు తిన్నవాడికి, మనుషుల్ని కూడా అతడో ఆమెనో చెప్పమని అడగని భాష దొరికితే ఎంత తెరిపిగా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా సగం మాటలు మా ఇంట్లోవే. మా నాన్నగారు రామచంద్రపురంలో రిజిస్ట్రారు ఆఫీసు ముందు, రేకుల షెడ్డు కింద, దస్తావేజు లేఖరిగా పనిచేశారు. దరఖాస్తు, ఖరీదు, జమీను, గుమాస్తా, సిఫారసు అంటూ యాప్‌లో అమ్మాయి ఒక్కొక్క మాటే చెబుతుంటే నాకు ఆ షెడ్డు, సిరా మరకల బల్ల, నాన్నగారు జేబులో పెట్టుకునే లవంగాల వాసన గుర్తొచ్చేవి. పారసీకంలో ఫర్యాద్ అంటే గావుకేక. మన తాలూకా ఆఫీసులకి వచ్చేసరికి ఆ కేక గొంతు తగ్గించుకుని ఫిర్యాదు అయింది. ఆయనకి ఫోన్ చేసి, "దస్తావేజు ఫార్సీ మాటంట నాన్నా" అన్నాను. "ఎవడన్నాడ్రా? అది మా ఆఫీసు మాట" అని పెట్టేశారు.

మూడు నాలుగు వారాలు గడిచేసరికి నాకూ స్వప్నకి వచ్చిన జబ్బే వచ్చింది. భాష నేర్చుకునేవాళ్లకి మొదట్లో ప్రతిరోజూ లాభమే. నిన్న రానిది ఇవాళ వస్తుంది. తర్వాత ఒక చోట బండి ఆగుతుంది. యాప్‌లో అమ్మాయి రోజూ వాళ్లమ్మ సూప్ వండుతోందని చెప్పేది. నేనూ అదే తిరిగి చెప్పేవాణ్ణి. ఎంతకాలమైనా ఆ సూప్ ఎవరూ తాగలేదు. రెండుసార్లు మానేశాను. మానేసినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టించింది భాష మీద ప్రేమ కాదు, రాత్రి భోజనాలు. కంచం ముందు కూర్చోగానే విజయ, "ఇవాళ మీ ఇరాన్ ఎంతవరకొచ్చిందండీ?" అని అడిగేది. ఉద్యోగం లేని మగవాడు కంచం ముందు కూర్చుని ఆ ప్రశ్నకి "ఏమీ లేదు" అని జవాబు చెప్పడం అంత తేలిక కాదు. అందుకని మధ్యాహ్నం ఏదో ఒక వాక్యం నేర్చుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి. ఒకరోజు నేను అంకెల్లో ఆరు దగ్గర ఆగిపోతే పప్పు వడ్డిస్తూ ఆమే అందించింది. "షెష్. తర్వాత హఫ్త్. రోజూ వింటున్నాను కదండీ, గోడలకి కూడా వచ్చేసి ఉంటుంది." మర్నాడు నేను నూరు దాకా నేర్చేసుకున్నాను. పుస్తకాల్లో దీన్ని ఏమంటారో తెలియదు. నాకైతే చులకనైపోతామన్న భయంలాగే అనిపించింది, బాగానే పనిచేసింది.

ఎండలు బాగా ముదిరాక ముదీర్ ఫోన్ చేశాడు. బ్రేక్ అయిపోయిందన్నాడు. నేను సంతోషించబోయాను. "కంపెనీ కూడా ఖలాస్" అన్నాడు. వీసా రద్దు చేస్తారు, ఆ తర్వాత నెల రోజుల గడువు, ఈలోగా ఇంకో ఉద్యోగం చూసుకోవాలి లేదా ఊరెళ్లాలి. నేనొక్కణ్ణే అయితే పెట్టె సర్దుకునేవాణ్ణి. విజయ వీసా నా వీసాకి తగిలించి ఉంది. నర్సరీ వాళ్లు బడి తెరవగానే ఆమెని రమ్మన్నారు, భర్త వీసా ఉంటేనే. ఆమె ఆ ఫోన్ సంగతి విని ఏడవలేదు, అరవలేదు. పొద్దున్నే పాటల సాధన మానేసింది, అంతే. మూడు రోజులు చూసి మస్తాన్ తెర పక్కకి జరిపి, "వదినా, కుందేలేమయింది?" అన్నాడు. "కుందేలుకి వీసా లేదు" అంది.

మస్తానే ఒక దారి చూశాడు. వాళ్ల ఆఫీసుకి సరుకు వచ్చే వ్యాపారుల్లో హాజీ కరీం అని ఒకాయన ఉన్నాడు. దేరాలో సుగంధద్రవ్యాల బజారు వెనక సందులో టోకు దుకాణం. పిస్తా, బాదం, ఎండు నిమ్మకాయలు, కుంకుమపువ్వు ఇరాన్ రేవుల నుంచి చెక్క ఓడల్లో వస్తాయి. ఫార్సీలో వచ్చే బిల్లులు చదివి, ఇంగ్లీషులో కాగితాలు తయారుచేసే ఆయన గుమాస్తా అవతలి ఒడ్డున సెలవులో ఉండిపోయాడు, ఇక రానని కబురు పంపాడు.

"మా అన్న ఇంజనీరు, ఫార్సీ సదువుతాడు అని చెప్పినా" అన్నాడు మస్తాన్.

"సూప్ గురించి చదువుతాను మస్తాన్. బిల్లులు కాదు."

"బిల్లులు సూప్ కంటే తేలిక అన్నా. కీసే ఎన్ని, గూనీ ఎన్ని, అంతే. రేపు గురువారం పొద్దున రమ్మన్నాడు, పో."

ఆ రోజంతా చదివాను. కీసే అంటే సంచి, గూనీ అంటే మన గోనెసంచే అని తెలిసి కొంత ధైర్యం వచ్చింది. పనిలోపనిగా ఇరానీల మర్యాదల మీద ఒక వీడియో చూశాను. మొత్తం కొంప ముంచింది ఆ వీడియోనే. వాళ్లలో తారోఫ్ అని ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఏదైనా ఇస్తానంటే వెంటనే పుచ్చుకోకూడదు. వద్దనాలి. వాళ్లు మళ్లీ ఇవ్వబోతారు. మళ్లీ వద్దనాలి. మూడోసారి కూడా అడిగితే నిజంగా ఇస్తున్నట్టు లెక్క, అప్పుడు పుచ్చుకోవచ్చు. మొదటిసారే తీసుకున్నవాడు మొరటువాడు. వీడియో చూస్తూ నేను నవ్వుకున్నాను. గోదావరి జిల్లాల వాడికి ఇది ఒకరు నేర్పాలా? మా ఇళ్లలో చుట్టం భోజనానికి కూర్చోవడానికే అరగంట బతిమాలించుకుంటాడు, లేవడానికి ఇంకో అరగంట. మేము దాన్ని మొహమాటం అంటాము, వాళ్లు తారోఫ్ అంటారు. ఇన్ని వారాల చదువులో నాకు పుట్టుకతో వచ్చిన పాఠం అదొక్కటే.

సాయంత్రం విజయ ముందు సాధన చేశాను. ఆమె హాజీ, ఉప్మా ఉద్యోగం.

"ఉప్మా తినండి."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నాను ఫార్సీలో, చెయ్యి గుండెల మీద పెట్టుకుని.

"తినండి."

"ఆ యోగ్యత నాకెక్కడిదండీ."

ఆమె గిన్నె తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేసింది.

"మూడోసారి అడగాలి విజయా."

"నాకు బోలెడు పనుందండీ. ఆకలేస్తే తీసుకుని తినండి."

ఆమెకి విషయం అర్థం కాలేదని నేననుకున్నాను.

మర్నాడు రషీదియా దాకా బస్సు, అక్కణ్ణుంచి మెట్రో, మాస్కు లోపల చెమట. దుకాణం ఇరుగ్గా, లోతుగా ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఎండు నిమ్మకాయల పులుపు వాసన, దాని వెనక గోనెల దుమ్ము, ఇంకా వెనక ఎక్కడో కుంకుమపువ్వు. చివర ఒక చిన్న బల్ల వెనక హాజీ. డెబ్బై దాటిన మనిషి, తెల్ల గడ్డం, చొక్కా పైగుండీ కూడా పెట్టుకున్నాడు. ఇరాన్‌లో లార్ వైపు నుంచి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చేశాడట. నడుం సన్నగా ఉన్న గాజు గ్లాసులో టీ పోసుకుని, చక్కెర ముక్క పళ్ల మధ్య పెట్టుకుని, దాని మీదుగా టీ లోపలికి పీల్చేవాడు. ఆ ముక్క ఉండగానే మాట్లాడేవాడు కూడా. యాప్‌లో అమ్మాయి నోట్లో చక్కెర ఉండేది కాదు, పైగా ఆవిడది టెహ్రాన్ యాస. పత్రికలు చదివి తెలుగు నేర్చుకున్నవాణ్ణి శ్రీకాకుళం సంతలో దింపినట్టయింది. చదువుకున్నవాళ్లందరినీ ఆయన మొహందెస్ అంటాడు, అంటే ఇంజనీరు అని. నా విషయంలో అది నిజం కావడం ఆయనకి పట్టలేదు.

ఒక బిల్లు నా ముందుకి తోశాడు. చేతిరాత. డాక్టర్ల రాత దీనికంటే నయం. కూడబలుక్కుని చదివాను. పిస్తా, ఇన్ని గూనీలు. బాదం, పెంకు తీసినది. కిష్మిష్. రెండు వరసలు అర్థం కాక ఊహించి చెప్పాను. హాజీ గడ్డం నిమురుకుని, "అక్కడ నువ్వు చెప్పింది రాసి లేదు, కాని రాసినదాని కంటే బావుంది" అన్నాడు. టీ పోయించాడు. ఊరేది, భార్య ఏం చేస్తుంది, పిల్లలా అని అడిగాడు. నేను నాకొచ్చిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టాను, సూప్ తప్ప. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూసి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి, "మొహందెస్, శనివారం నుంచి రా. ఈ కుర్చీ నీదే. వీసా నేను చూసుకుంటాను" అన్నాడు.

చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాను. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేనండి" అన్నాను.

ఆయన కనుబొమలు కొంచెం లేచాయి. "ఇబ్బందేముంది, రా" అన్నాడు.

"ఆ యోగ్యత నాకెక్కడిదండీ" అన్నాను. ఉచ్చారణ అంత బాగా ఎప్పుడూ రాలేదు. తల కూడా వంచాను. తల ఎత్తేసరికి ఆయన గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "ఖలాస్. నీ ఇష్టం. దేవుడు చల్లగా చూస్తాడు" అని, ఒక పొట్లంలో పిస్తా కట్టి చేతిలో పెట్టాడు. పిస్తాకి కూడా రెండుసార్లు వద్దన్నాను. వాటిని మాత్రం మూడోసారి ఇచ్చాడు.

ఇంటికి చేరేసరికి విజయ తలుపు దగ్గరే ఉంది.

"ఇచ్చారా?"

"ఇచ్చారు" అని పొట్లం చూపించాను.

"ఉద్యోగమండీ."

"అదీ ఇచ్చారు. నేను వద్దన్నాను."

ఆమె పొట్లం బల్ల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది. "ఏమన్నారు?"

"రెండుసార్లే వద్దన్నాను. మూడోసారి ఆయన అడగాలి. పద్ధతి అది. రేపో ఎల్లుండో ఫోన్ వస్తుంది."

"రాకపోతే?"

ఆ రోజు సాయంత్రం ఫోన్ రాలేదు. శుక్రవారం పొద్దున నేను ఫోన్ పక్కనే పెట్టుకుని, ఛార్జింగ్ ఉందో లేదో చూసుకుంటూ, మధ్యమధ్యలో మోగుతుందో లేదో మస్తాన్ చేత చేయించి పరీక్షించుకుంటూ కూర్చున్నాను. అప్పటికి వాడికి ఏమీ చెప్పలేదు. దేరా వైపు అసర్ నమాజుకి వెళ్లి, హాజీ గుమ్మం మీదుగా తిరిగి వచ్చి, తలుపు తీస్తూనే మస్తాన్ నా మీద పడ్డాడు.

"ఏందన్నా నువ్వు చేసింది? ఆ ముసలాయన నాతో ఏమన్నాడో తెల్సా? మీవాడికి పని అక్కర్లేదంట గదా, ఊరికే టీ తాగను వచ్చినాడా అన్నాడు. రేపు మధ్యాహ్నం ఇంగొకణ్ణి రమ్మన్నాడంట."

"నేను తారోఫ్ చేశాను మస్తాన్."

"తారోఫా? ఆయన నలభై ఏళ్ల నించి హిందీవాళ్లతో, అంటే మన ఇండియావాళ్లతో, యాపారం చేస్తా ఉండాడు. మావోళ్లనైతే మూడుసార్లు అడుగుతా, మీవోళ్లనైతే ఒక్కసారే అడుగుతా, హిందీవాడు కాదంటే కాదనే అర్థం, అది నేను దుబాయ్‌లో నేర్చుకున్న మొదటి పాఠం అన్నాడు. ఫార్సీ ముచ్చటగా మాట్లాడినాడని నిన్ను రెండోసారి గూడా అడిగినాడంట. అది ఎక్కువంట."

ఆయన మా పద్ధతి నేర్చుకున్నాడు, నేను ఆయన పద్ధతి నేర్చుకున్నాను. ఇద్దరం కష్టపడే నేర్చుకున్నాం. ఫోన్ చేసి అసలు సంగతి చెబుదామని తీశాను. మళ్లీ పెట్టేశాను. వద్దన్న ఉద్యోగాన్ని నోరు తెరిచి ఎలా అడుగుతాం? ఆ మాట పైకి అనలేదుగాని విజయకి వినపడింది.

"రేపు పొద్దున్నే వెళ్లండి."

"ఎలా విజయా, బాగోదు. ఆయన ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారో నాకు తెలీదు. నర్సరీ వాళ్లు ఏమనుకుంటారో తెలుసు. మీరొక్కరే వెళ్తే మళ్లీ ఎక్కడో మర్యాద చేసేస్తారు. నేనూ వస్తాను" అంది.

శనివారం హాజీ దుకాణం తలుపు తీస్తున్నప్పటికే మేము గుమ్మంలో ఉన్నాం. ఆయన నన్ను చూసి, విజయని చూసి, మళ్లీ నన్ను చూశాడు. నేను దారిలో తయారుచేసుకున్న వాక్యం ఒకటుంది. అందులో క్షమాపణలు మూడు, క్రియ ఒకటి. రెండో క్షమాపణలో ఉండగా విజయ నన్ను కొంచెం పక్కకి జరిపింది.

"హాజీ సాబ్" అంది, పుల్లింగాలూ స్త్రీలింగాలూ ఎటుపడితే అటు పోతున్న తన హిందీలో. "ఏ ఆద్మీ నా బోలీ, లేకిన్ దిల్ మే హాఁ హై. ఇస్కో కామ్ చాహియే. ముఝే వీసా చాహియే." మనసులో అవుననే ఉంది, నోరే కాదంది, ఈయనకి పని కావాలి, నాకు వీసా కావాలి. అంతే. ఇంకో మాట కలపలేదు. నేను నేల చూశాను. నేల మీద ఒక ఎండు నిమ్మకాయ పడి ఉంది, దాన్ని తీద్దామా వద్దా అని ఆలోచించాను.

హాజీ ముందు నవ్వలేదు. కుర్చీ లాగి ఆమెని కూర్చోమన్నాడు. కూర్చుంది. "చాయ్?" అన్నాడు. "హాఁ" అంది. చక్కెర ముక్కల గిన్నె ముందుకి తోశాడు. రెండు తీసుకుంది. అప్పుడు వచ్చింది ఆయనకి నవ్వు. గడ్డం, భుజాలు, పైగుండీ అన్నీ కదిలాయి. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగి ఫార్సీలో అన్నాడు: "మొహందెస్, కాగితాలు తీసుకురా, మధ్యాహ్నం వచ్చేవాడికి నేను చెప్పుకుంటాను. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ అమ్మాయికి ఫార్సీ నేర్పకు. పాడైపోతుంది."

తిరిగి వస్తుంటే మెట్రోలో విజయ, "ఆయన చివర్లో ఏమన్నారండీ?" అని అడిగింది. చెప్పాను. "నాకు రావలసినంత వచ్చు" అంది.

వీసా గడువు దాటకుండానే పడింది. నర్సరీ తెరిచారు, కుందేలు మళ్లీ గెంతడం మొదలుపెట్టింది. విమానాలు నడిచాక మస్తాన్ భార్య, కూతురు వచ్చేశారు. వాళ్లకి హాలు వదిలేసి మేము షార్జాలో రోలా వైపు మారాం. ఆ పర్షియాకి మళ్లీ వెళ్లలేదు, వెళ్లడానికి కారణమూ లేదు. నా పారసీకం ఆ దుకాణంలోనే పెరిగింది, అందుకే అది ఇప్పటికీ గోనెల కొలతలోనే ఉంటుంది. ప్రేమ గురించి గాని, వెన్నెల గురించి గాని మాట్లాడమంటే తడుముకుంటాను. బాదం తేమ గురించి అడిగితే అనర్గళం. మొదటి ఏడాది నేర్చుకున్నంత నేను కాలేజీలో నాలుగేళ్లలోనూ నేర్చుకోలేదు. కారణం తెలివి కాదు. బిల్లు తప్పు చదివితే హాజీ నన్నేమీ అనేవాడు కాదు, రాత్రి భోజనం దగ్గర ఆ సంగతి విజయకి ఎలా చెప్పాలన్నదే నా బెంగ. ఇప్పుడా బెంగ లేదు. అందుకే కాబోలు కొత్త మాటలు రావడం కూడా తగ్గింది.

ఇప్పుడు దుకాణం హాజీ కొడుకు చూస్తున్నాడు. పెద్దాయన పొద్దున వచ్చి టీ తాగి వెళ్తాడు. బిల్లులు ఫోన్లో ఫోటోలుగా వస్తాయి, ఇంకో ఫోన్ వాటి మీద పెడితే ఇంగ్లీషు అయిపోతాయి. నేను నెలల తరబడి పడిన పాట్లు అది రెప్పపాటులో పడేస్తుంది. మొన్న ఒక సరుకుదారు, "మీ కోసం నేను బలైపోతాను, బాదం రేపే పంపిస్తున్నాను" అని రాశాడు. కుర్రాడు కంగారుగా ఫోన్ పట్టుకొచ్చి, "ఇతనికి ఏమైంది?" అన్నాడు. దుబాయ్‌లో పుట్టి ఇంగ్లీషులో చదువుకున్నవాడు. బలి మర్యాదకి రాశాడని, రేపు అన్నది కూడా మర్యాదకేనని, బాదం మాత్రం నిజమేనని, వచ్చే వారం వస్తుందని చెప్పాను. అలాంటి అవసరాలున్నంత కాలం నా కుర్చీకి ఢోకా లేదని అనుకుంటున్నాను. ఫోన్లు అది కూడా నేర్చుకుంటే అప్పుడు చూద్దాం.

విజయ ఇప్పుడు ఆ నర్సరీలో పెద్ద టీచరు. ఈ ఏడాది బడివాళ్లు ఆమెని పిలిచి, ఇక మీ ఆయన వీసా మీద ఎందుకు, మేమే ఇస్తాం అన్నారట. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పింది.

"నువ్వేమన్నావ్?" అన్నాను.

"సరే అన్నాను."

"ఒకసారి ఇంట్లో అడిగి చెప్తానని అనాల్సింది."

"ఎందుకండీ?" అంది, నిజంగానే అర్థం కాక.

వద్దు అనడానికి నాకు పారసీకంలో ఏడెనిమిది రకాలు వచ్చు. ఒకదాన్ని మించి ఒకటి అందంగా ఉంటాయి, ఒక్కోదానికి తల ఎంత వంచాలో కూడా తెలుసు. పప్పు మారు వడ్డిస్తానంది. కంచం ముందుకి జరిపాను.